వరదొస్తేనే మేలుకునే సర్వర్

జూలై వచ్చిందంటే మా గోదావరి జిల్లాల్లో ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న. "ఎంతకొచ్చిందంట?" ఏది ఎంతకొచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం గురించే అడుగుతున్నారని అందరికీ తెలుసు. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది. ఎక్కాలు రానివాళ్ళకి కూడా ఈ మూడు అంకెలూ వచ్చు మా వైపు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే చిన్న వెబ్ పేజీ ఒకటి చేశాను. దాన్ని కంటైనర్‌లో పెట్టి, క్లౌడ్ రన్ అనే సర్వర్‌లెస్ ప్లాట్‌ఫామ్ మీదకి ఎక్కించాను. కాలేజీలో డాకర్ పేరు విని, ఇంటర్వ్యూ కోసం నాలుగు డెఫినిషన్లు బట్టీపట్టి, ఇంతకీ ఇదెందుకో అర్థంకాక వదిలేసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి సర్వర్‌లెస్ అర్థమైనంత తేలిగ్గా ఇంకెవరికీ అర్థం కాదని నా నమ్మకం. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు పేజీ అవసరం ఎందుకొచ్చిందో చెప్తా. సమాచారం లేక కాదు. కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో ఫ్లడ్‌వాచ్ ఇండియా అనే యాప్ తెచ్చింది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వరద రోజుల్లో మట్టాలు ప్రకటిస్తూనే ఉంటుంది. గూగుల్ వాళ్ళ ఫ్లడ్ హబ్ ఉంది. కానీ లంకలో ఉండే మా పెదనాన్నకి కావలసింది గ్రాఫు కాదు. ఆయన అడిగేది ఇంతే: "ఒరే అబ్బాయ్, మన కాజ్‌వే మీదకి నీరెక్కుద్దా? గేదెల్ని ఇప్పుడే గట్టుకి తోలెయ్యమంటావా, పొద్దుటిదాకా ఆగచ్చా?"

లంకల గురించి తెలియనివాళ్ళకి ఓ ముక్క. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ లోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన ఊళ్ళే లంకలు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి పెద్ద వరద రాకముందే మునిగిపోతాయి. అక్కణ్ణించి పడవే దిక్కు. భద్రాచలంలో ఎక్కిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అంటే అక్కడి అంకె చూసి ఇక్కడ సామాన్లు సర్దుకోవచ్చు. ఆ ఒక్క రోజే మా ఆస్తి.

అయితే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అంకెకి తేదీ ఉండదు, టైము ఉండదు. పొద్దున్న పెట్టినది రాత్రి మళ్ళీ వస్తుంది. పోయినేడాది ఫొటో ఈ ఏడాది వస్తుంది. 2022 జూలై 16న భద్రాచలంలో మట్టం 71.3 అడుగులకి చేరింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. మూడో హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షల దగ్గర అని గుర్తుపెట్టుకోండి. అలాంటి రాత్రి పాత అంకె నమ్మి పడుకున్న ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పాలా? 1986 ఆగస్టు చూసిన మా పెద్దవాళ్ళయితే 2022ని కూడా చిన్నదనే అంటారు. అప్పుడు భద్రాచలంలో 75.6 అడుగులు మరి.

పదిహేను రోజుల గిరాకీ

ఇక అసలు కథ. ఈ పేజీని ఎవరు, ఎప్పుడు తెరుస్తారు? నవంబరు నుంచి జూన్ దాకా పురుగు కూడా తెరవదు. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో కూడా అన్ని రోజులూ కాదు. వరద ఉన్న పదిహేను ఇరవై రోజులే. ఆ రోజుల్లో మాత్రం ఒక గ్రూపులో లింకు పడిందంటే పది గ్రూపులకి పాకుతుంది. రెండో హెచ్చరిక ఎగరేశారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిన నిమిషంలో అందరూ ఒకేసారి తెరుస్తారు.

పాత పద్ధతి ఏంటంటే, నెలకింత అని అద్దెకట్టి ఒక సర్వర్ తీసుకోవడం. చిన్నది తీసుకుంటే వరద రోజున కూలబడుతుంది. పెద్దది తీసుకుంటే మిగతా పదకొండు నెలలూ ఉత్తినే తిని పడుకుంటుంది. పైగా దానికి అప్‌డేట్లు వెయ్యాలి, సెక్యూరిటీ చూసుకోవాలి. నా ఉద్యోగం నాకుంది. జనవరిలో పడుకున్న సర్వర్‌ని లేపి స్నానం చేయించే ఓపిక నాకు లేదు.

సర్వర్‌లెస్ అంటే సర్వర్ లేదని కాదు. ఎక్కడో ఉంటుంది, మనం మేపక్కర్లేదు, అంతే. ఎవరైనా పేజీ తెరిచినప్పుడే మన ప్రోగ్రాం నిద్రలేస్తుంది. జనం పెరిగితే అదే ప్రోగ్రాం నకళ్ళు ఇంకొన్ని లేస్తాయి. జనం తగ్గితే నకళ్ళు తగ్గి, ఎవరూ లేకపోతే సున్నాకి వచ్చేస్తాయి. సున్నా దగ్గర ఉన్నంతసేపూ కంప్యూటింగ్‌కి బిల్లూ సున్నానే.

అమెజాన్ 2014 నవంబరులో లాంబ్డాతో ఈ పద్ధతికి పేరు తెచ్చింది. కానీ మొదట్లో అందులో మన ప్రోగ్రాంని వాళ్ళు చెప్పిన మూసలోనే రాయాలి. గూగుల్ 2019లో క్లౌడ్ రన్ తెచ్చి, 'మీ కంటైనర్ ఏదైనా ఇవ్వండి, మేం నడుపుతాం' అంది. లాంబ్డా కూడా 2020 డిసెంబరులో కంటైనర్లకి తలుపు తీసింది. నేను క్లౌడ్ రన్ ఎంచుకోవడానికి పెద్ద సిద్ధాంతమేం లేదు. ముంబైలో దానికి రీజియన్ ఉంది, పద్ధతి సులువుగా ఉంది. హైదరాబాద్ దగ్గరే కావాలనుకునేవాళ్ళకి అమెజాన్ రీజియన్ 2022 నవంబరు నుంచి అక్కడే ఉంది. విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించాక మా ఊళ్ళో అందరూ 'ఇక క్లౌడు మన పక్కూళ్ళోనే' అంటున్నారు. నా పేజీకి మాత్రం ముంబై చాలు. ఒక అంకె ముంబై నుంచి రావడానికి పట్టే తేడా ఎవరి కంటికీ ఆనదు.

ఒత్తులు ఊడిపోకుండా

కంటైనర్ అంటే ఏంటో మా వైపు పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకి ఇట్టే చెప్పొచ్చు. మంచి వంట మేస్త్రి పెళ్ళివారి వంటింటిని నమ్ముకోడు. పొయ్యిలు, గుండిగలు, గరిటెలు, చివరికి తనకి నచ్చిన ఇంగువ డబ్బాతో సహా బండిలో వేసుకుని వస్తాడు. అమలాపురంలో పెళ్ళయినా తణుకులో పెళ్ళయినా పులిహోర రుచి మారదు. మన ప్రోగ్రాం, దానికి కావలసిన పైథాన్ వెర్షన్, లైబ్రరీలు, ఫాంట్లు అన్నీ ఒక పెట్టెలో సర్దేసి, ఏ కంప్యూటర్ మీదైనా అదే రుచి వచ్చేట్టు చెయ్యడమే కంటైనర్. 2013లో డాకర్ వచ్చాక ఈ సర్దుడు మామూలు ప్రోగ్రామర్ చేతికి అందింది.

'ఒక అంకె చూపించే పేజీకి ఇంత బండి ఎందుకు?' అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. జవాబు: తెలుగు.

మా వాళ్ళు లింకులకంటే బొమ్మల్నే ఎక్కువ నమ్ముతారు. లింకు నొక్కితే డబ్బులు పోతాయని భయం, అదీ న్యాయమే. అందుకే నా ప్రోగ్రాం మట్టాన్ని ఒక కార్డు బొమ్మగా కూడా గీస్తుంది. వాట్సాప్‌లో పంపుకోవచ్చు. ఆ బొమ్మని గీసేది సర్వర్. సర్వర్లలో వాడే చిన్న లినక్స్ ఇమేజిలో తెలుగు ఫాంటే ఉండదు. 'రెండో ప్రమాద హెచ్చరిక' అని రాస్తే వరసగా డబ్బాలు వస్తాయి. ఫాంటు ఒక్కటి పెడితే సరిపోతుందా అంటే అదీ కాదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవాలంటే అక్షరాల్ని అల్లే లైబ్రరీలు వేరే కావాలి. పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లోకి రాక్మ్ తోడుండాలి, దానికి ఫ్రీబిడి అనే ఇంకో లైబ్రరీ తోడుండాలి. అవి లేకపోతే 'హెచ్చరిక'లో చ-కారం కింద ఒత్తు పక్కకి జారి కూర్చుంటుంది. చదవడానికి తిప్పలు, నమ్మడానికి అంతకన్నా తిప్పలు. ఒత్తులు ఊడిన ప్రభుత్వ హెచ్చరిక ఎవరు నమ్ముతారండీ?

నోటో సాన్స్ తెలుగు ఫాంటు, ఈ లైబ్రరీలు అన్నీ పెట్టెలో పెట్టేశాక ఇక ఆ గోల లేదు. నా లాప్‌టాప్‌లో ఎలా కనిపించిందో ముంబైలో అలాగే గీస్తుంది.

సర్దుకునే జాబితాని డాకర్‌ఫైల్ అంటారు. నాది పన్నెండు లైన్లు. ఫలానా పైథాన్ స్లిమ్ ఇమేజితో మొదలుపెట్టు, ఈ లైబ్రరీలు దించు, ఫాంటు ఫైలు ఇక్కడ పెట్టు, నా కోడు కాపీ చెయ్యి, గునికార్న్‌తో ఫ్లాస్క్ యాప్ మొదలుపెట్టు. అంతకంటే ఏమీ లేదు. ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. ఏ పోర్టులో వినాలో క్లౌడ్ రనే చెప్తుంది, 'పోర్ట్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా. మామూలుగా అది 8080. మన ప్రోగ్రాం 'లోకల్‌హోస్ట్' మీద కాకుండా 0.0.0.0 మీద వినాలి. లోకల్‌హోస్ట్ అంటే ఇంట్లోవాళ్ళ పిలుపు మాత్రమే వినడం. వీధిలోంచి ఎవరు పిలిచినా పలకదు. 'నా సిస్టంలో బానే పనిచేస్తోందిగా' అని జుట్టు పీక్కునేవాళ్ళలో సగంమంది రోగం ఇదే.

లాప్‌టాప్‌లో డాకర్ లేకపోయినా ఫర్వాలేదు. కోడు ఉన్న ఫోల్డర్లో నిలబడి 'జీక్లౌడ్ రన్ డిప్లాయ్' అని కొట్టి, సోర్స్‌గా ఆ ఫోల్డర్నే చూపిస్తే, పెట్టె సర్దడం, దాన్ని ఆర్టిఫ్యాక్ట్ రిజిస్ట్రీ అనే గోడౌన్లో పెట్టడం, అక్కణ్ణించి తీసి నడపడం అన్నీ వాళ్ళే చేస్తారు. కొత్త మ్యాక్‌లు ఉన్నవాళ్ళకి ఇది ఇంకా మేలు. వాటి ప్రాసెసర్ జాతి వేరు కాబట్టి, అక్కడే సర్దిన పెట్టె క్లౌడ్‌లో మొరాయించే ప్రమాదం ఉంది. అసలు లాప్‌టాపే లేదా? బ్రౌజర్లో క్లౌడ్ షెల్ తెరవండి. 5 జీబీ చోటు, వారానికి 50 గంటలు, ఉచితం. రాజమండ్రి పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుని ఫోన్లోంచే డిప్లాయ్ కొట్టిన రోజు నాకు కాస్త గర్వంగానే అనిపించింది, దాచడం ఎందుకు.

పంటు మీద ఎనభై మంది

కోటిపల్లి రేవులో పంటు ఎక్కారా ఎప్పుడైనా? లేదా నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వైపు? బళ్ళు, మనుషులు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకే పంటు మీద. క్లౌడ్ రన్ సరిగ్గా అలాగే నడుస్తుంది. మన కంటైనర్ ఒక పంటు. ఒక పంటు మీద ఒకేసారి ఎంతమందిని ఎక్కించాలో మనం చెప్పొచ్చు. ఏమీ చెప్పకపోతే 80. అది నిండిపోతోందనుకుంటే రెండో పంటు దించుతుంది, ఆ తర్వాత మూడోది. రేవు ఖాళీ అయితే పంట్లని ఒక్కొక్కటే ఒడ్డుకి లాగేస్తుంది.

ఇక్కడో మెలిక. బోర్డు మీద 80 అని రాసినంత మాత్రాన 80 మంది పట్టరు. గునికార్న్‌లో 8 థ్రెడ్లే ఇస్తే, 80 మంది ఎక్కినా ఎనిమిది మందికే టికెట్టు కొడతారు. మిగతావాళ్ళు నిలబడాలి. క్లౌడేమో 'ఇంకా నిండలేదుగా' అని రెండో పంటు దించడానికి ఆలస్యం చెయ్యొచ్చు. ఈ రెండు అంకెల్నీ ఒకదానికొకటి దగ్గరగా పెట్టుకోవాలి. బొమ్మ గీసే పని బరువైనది కాబట్టి నేను బోర్డు మీద 80ని 20కి దించాను, థ్రెడ్లు కూడా అంతే ఇచ్చాను.

ఒడ్డుకి లాగిన పంటు ఇంజను మళ్ళీ స్టార్టవడానికి కాస్త టైం పడుతుంది కదా, దాన్ని కోల్డ్ స్టార్ట్ అంటారు. ఎవరూ లేని వేళ మొదట తెరిచినవాడికి రెండు మూడు సెకన్లు తెల్లపేజీ కనిపించొచ్చు. జనవరిలో ఆ మూడు సెకన్లకి నేనేం బాధపడను. జూలై మొదటివారంలో మాత్రం 'కనీసం ఒక ఇన్‌స్టెన్స్' అని సెట్టింగ్ మారుస్తాను. ఒక పంటు ఎప్పుడూ ఇంజన్ ఆన్‌లో ఉంటుంది. దానికి కొద్దిగా ఖర్చవుతుంది. అక్టోబరులో మళ్ళీ సున్నా.

పంటు దిగేటప్పుడు సంచి మర్చిపోతే మళ్ళీ దొరకదు. ఇదీ అంతే. కంటైనర్ లోపల ఫైల్లో రాసుకున్నది ఆ నకలుతో పాటే పోతుంది. అదీకాక, మొదటి పంటులో రాసింది రెండో పంటుకి తెలియదు. అందుకే మట్టం అంకెలన్నీ బయట, ఫైర్‌స్టోర్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. పంట్లు ఎన్ని వచ్చినా చూసే ఖాతా పుస్తకం ఒకటే.

అంకెల్ని ఎక్కించడం నేనూ, నమ్మకమైన ఇద్దరు స్నేహితులూ చేస్తాం. అధికారులు ప్రకటించిన బులెటిన్ చూసి, ఫోన్లో చిన్న ఫారం నింపుతాం. దీన్ని కూడా ఆటోమేటిక్ చెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యొచ్చు. కానీ అవతలి వెబ్‌సైట్ రూపం మారిన రోజున తప్పుడు అంకె ఎక్కి కూర్చుంటే? 13.9 బదులు 1.39 పడితే? మనిషి కన్ను ఒకటి మధ్యలో ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ప్రోగ్రాం కూడా, ముందు అంకెకి చాలా తేడాగా ఉన్నది ఏదైనా వస్తే 'నిజమేనా?' అని రెండోసారి అడుగుతుంది. ఫారం పాస్‌వర్డ్ పెట్టెలో సర్దలేదు. అది సీక్రెట్ మేనేజర్‌లో విడిగా ఉంటుంది. పెట్టె ఎవరి చేతికి చిక్కినా తాళంచెవి అందులో ఉండకూడదు.

అయిదున్నర గంటలు

కంటైనర్ గడియారం మన గడియారం కాదు. క్లౌడ్‌లో టైం యూటీసీ. మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఏమీ చెప్పకుండా టైం అచ్చువేస్తే, రాత్రి 10 గంటల మట్టం 'సాయంత్రం 4.30' అని కనిపిస్తుంది. షాపింగ్ సైట్లో అయితే ఎవరూ పట్టించుకోరు. వరద ఎక్కుతున్న రాత్రి అయిదున్నర గంటలంటే అడుగుల్లో తేడా. టైంజోన్ సమాచారం ఉన్న ప్యాకేజీని పెట్టెలో పెట్టి, ప్రతి టైంనీ ఆసియా/కోల్‌కతా లెక్కలోకి మార్చి చూపించాలని ముందే రాసిపెట్టుకోండి. మన దేశం కోసం ఏ యాప్ చేసినా ఇది అవసరమే.

రద్దీ గురించి ఇంకొక చిట్కా. మట్టం మారేది గంటకోసారి. అలాంటప్పుడు వచ్చిన ప్రతి ఫోనుకీ పంటు ఎందుకు? క్లౌడ్ రన్ ముందు ఫైర్‌బేస్ హోస్టింగ్ పెట్టాను. పేజీని ఒక నిమిషం పాటు దాచిపెట్టుకుని అందరికీ అదే చూపించమని క్యాష్ హెడర్లో చెప్పాను. వరద రోజున వచ్చే జనంలో ఎక్కువమంది ఆ గుమ్మం దగ్గరే జవాబు తీసుకుని వెళ్ళిపోతారు. రేవు దాకా వచ్చేది కొత్త కార్డు గీయించుకునేవాళ్ళూ, ఫారం నింపే మేమూ. ధవళేశ్వరం దగ్గర 175 గేట్లున్నాయి కదా అని రోజూ అన్నీ ఎత్తేస్తారా?

బిల్లు భయం

క్లౌడ్ అకౌంట్ తెరిచేటప్పుడు కార్డు నంబరు అడిగేసరికి మన కుర్రాళ్ళ గుండె జారుతుంది. నిజంగా భయపడాల్సింది దేనికో చెప్తాను. క్లౌడ్ రన్‌లో ప్రతి నెలా 20 లక్షల రిక్వెస్టులు, 1,80,000 సీపీయూ సెకన్లు ఉచితం. 1,80,000 సెకన్లంటే 50 గంటలు. ఇరవై మంది ఒకే పంటులో ఉన్నా లెక్క ఒక్క పంటుదే కాబట్టి, ఇలాంటి పేజీకి అది బోలెడు.

బిల్లు పెంచేది డేటా. నా పేజీ మొత్తం 15 కేబీ లోపు. లక్షసార్లు తెరిస్తే ఒకటిన్నర జీబీ. అదే పైన అందంగా ఉంటుందని బ్యారేజీ ఫొటో 2 ఎంబీది పెట్టామనుకోండి, లక్షసార్లకి 200 జీబీ. బిల్లు సంగతి అటుంచండి. వరదలో కరెంటు పోయి, టవర్ బ్యాటరీ మీద నడుస్తూ, ఒకటే గీత సిగ్నల్ ఉన్న ఫోనులో ఆ ఫొటో దిగేసరికి తెల్లారుతుంది. బ్యారేజీ ఎలా ఉంటుందో లంకలో వాళ్ళకి మనం చూపించాలా?

ఇంకో మాట. బడ్జెట్ అలర్ట్ పెట్టుకుంటే బిల్లు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. అది మెయిల్ మాత్రమే పంపుతుంది. నిజంగా పగ్గం వేసేది 'గరిష్ఠ ఇన్‌స్టెన్సులు' అనే సెట్టింగ్. నేను 10 పెట్టాను. ఎవడైనా ఆకతాయి స్క్రిప్టు రాసి వాయించినా మామూలుగా పదకొండో పంటు దిగదు.

కొత్త వెర్షన్ పెట్టడం గురించి క్లుప్తంగా. ప్రతి డిప్లాయ్ ఒక రివిజన్‌గా మిగిలి ఉంటుంది. కొత్తదానికి పదిశాతం జనాన్నే పంపి చూసి, బాగుంటే అందర్నీ పంపొచ్చు. తేడా వస్తే పాతదానికి ఒక్క నొక్కుతో వెనక్కి. అయినా సరే, మొదటి హెచ్చరిక ఎగిరాక నేను కోడు ముట్టుకోను. మా ముగ్గురి మధ్య అది కట్టుబాటు.

అన్నిటికీ ఇదే మందని మాత్రం చెప్పను. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ చూసే సెన్సర్లున్నాయనుకోండి, నిమిషానికోసారి, రాత్రీపగలూ, ఏడాదంతా అంకెలు పంపుతూనే ఉంటాయి. అక్కడ పంటు ఒడ్డుకి వచ్చే క్షణమే ఉండదు. దానికి నెల అద్దెకి చిన్న సర్వరే చవక. అలాగే, ఎవరూ అడగకుండా కంటైనర్ తనంతట తను వెనకాల పని చేసుకుంటుందని ఆశించొద్దు. రిక్వెస్టు లేనప్పుడు దానికి సీపీయూ దాదాపు అందదు. గంటకోసారి జరగాల్సిన పని ఉంటే క్లౌడ్ షెడ్యూలర్‌తో తట్టి లేపాలి. మాకు అంకె ఎక్కించమని గుర్తుచేసే మెసేజ్ అలాగే వస్తుంది.

ఎంత క్లౌడ్ ఉన్నా సిగ్నల్ పోతే ఏం చేస్తావని పెదనాన్న అడిగాడు. నిజమే, అది నా చేతిలో లేదు. అందుకే పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ అంకె ఫోన్లోనే దాక్కుంటుంది. నెట్ పోయినా ఆఖరిసారి చూసిన మట్టం కనిపిస్తుంది. కానీ ఇక్కడే అసలు ప్రమాదం కూడా ఉంది. ఆ అంకె పాతదని ఎవరు చెప్పాలి? సర్వర్ చెప్పలేదు, దానితో మాట్లాడే దారే లేదు. క్యాష్‌లో ఉన్న పేజీ కూడా చెప్పలేదు, అది తయారైనప్పుడు తాజాదే. అందుకని ఆ లెక్క ఫోనే చేస్తుంది. మట్టం నమోదైన టైంని ఫోను గడియారంతో పోల్చి, రెండు గంటలు దాటితే అంకె బూడిదరంగులోకి మారి, పైన ఎర్రగా 'ఇది పాత లెక్క, 1070కి ఫోన్ చేసి కనుక్కోండి' అని వస్తుంది. వాట్సాప్ కార్డుకి ఆ తెలివి ఉండదు కాబట్టి, దాని మీద తేదీ, టైము మట్టం అంకె ఎంత పెద్దగా ఉంటుందో అంత పెద్దగానే అచ్చవుతాయి. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదని మా చెల్లి గొడవ. అక్షరాలు చిన్నవి చెయ్యమని నాలుగుసార్లు అడిగింది. చెయ్యలేదు.